జిల్లా వెబ్‌సైట్‌ను అందరూ వాడుకునేలా కట్టడం ఎలా: ఉమ్మడి డిజైన్ సిస్టమ్‌తో పని చేసే పద్ధతి

నల్లగొండ జిల్లాలో ఒక కార్యాలయానికి వెబ్‌సైట్ పని చేసిపెడుతున్న రోజుల్లో, చూపు లేని ఒక ఉపాధ్యాయుడు నా పక్కన కూర్చొని, బదిలీల ఉత్తర్వు ఉన్న పేజీని తన ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్‌తో (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) తెరిచారు. పేజీ శీర్షిక చక్కగా వినిపించింది. లింకు నొక్కగానే వచ్చిన పీడీఎఫ్‌లో మాత్రం పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలూ విరామచిహ్నాలూ వరుసగా వినిపించసాగాయి. ఆ ఉత్తర్వును 'అను' అనే పాత ఫాంట్లలో టైపు చేశారు. తెర మీద తెలుగులా కనిపించేది లోపల తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఆయన రెండు నిమిషాలు ఓపికగా విని, "ఇందులో నా పేరున్నదో లేదో ఒకసారి చదివి చెప్పండి సార్" అన్నారు. తనకు సంబంధించిన ఉత్తర్వును తానే చదువుకోలేని స్థితిని ఆయనకు కల్పించింది మేము తయారుచేసిన పేజీయే. ఆ పేజీలో బటన్లూ మెనూలూ అన్నీ ఉమ్మడి డిజైన్ సిస్టమ్ నుంచి తీసుకున్నవే, పరీక్షలు నెగ్గినవే. లోపం మేము చేర్చిన భాగంలో ఉంది.

డిజైన్ సిస్టమ్ ఏ పని చేసిపెడుతుంది, ఏ పని మనకే మిగులుతుంది అన్న తేడా తెలుసుకొని పని చేయడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను. ఇది జిల్లా, మండల స్థాయిలో ప్రభుత్వ వెబ్‌సైట్లు కట్టేవారికీ, వాటిలో సమాచారం ఎక్కించేవారికీ ఉద్దేశించినది.

1. ముందుగా ప్రమాణాన్ని, సిస్టమ్‌ను ఖాయం చేసుకోండి

డిజైన్ సిస్టమ్ అంటే బటన్లు, ఫారాలు, పట్టికలు, హెచ్చరికలు, రంగులు, అక్షరాల కొలతలు మొదలైనవాటిని ఒకచోట రూపొందించి, పరీక్షించి, కోడ్‌తో సహా అందరికీ అందుబాటులో ఉంచిన భాండాగారం. బ్రిటన్ ప్రభుత్వం 2018లోనూ, అమెరికా ప్రభుత్వం 2015లోనూ ఇలాంటివి విడుదల చేశాయి. మన దేశంలో నేషనల్ ఇ-గవర్నెన్స్ డివిజన్ నుంచి యూఎక్స్4జీ ఉంది. జిల్లా వెబ్‌సైట్లు చాలావరకు ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) నడిపే ఎస్3వాస్ అనే వెబ్‌సైట్ వేదిక మీద ఉంటాయి కనుక, మీది కూడా దానిమీదే ఉంటే కొత్తగా ఎంచుకోవలసిన అవసరం లేదు. అందులో ఇచ్చిన అమరికనే వాడండి. విడిగా ఒక సేవా పోర్టల్ కడుతున్నప్పుడే ఎంపిక మీ చేతిలో ఉంటుంది.

ప్రమాణం విషయంలో సందేహానికి తావు లేదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో తొలిసారి వెలువడ్డాయి, 2023లో మూడో రూపం వచ్చింది. వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండేందుకు రాసిన అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1లోని ఏఏ అనే మధ్య స్థాయిని అవి అడుగుతాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 దీనికి చట్టబద్ధమైన ఆధారం. అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి వచ్చే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. ఈ విషయాలను మీ పని ఒప్పంద పత్రంలో రాయించండి. పని మధ్యలో "ఇవన్నీ తర్వాత చూద్దాం, ముందు సైట్ ప్రారంభిద్దాం" అనే మాట వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉండాలి.

2. భాగాలను ఉన్నవి ఉన్నట్టుగా వాడండి

ఉమ్మడి సిస్టమ్ నుంచి తీసుకున్న బటన్ పైకి సాదాగా కనిపిస్తుంది కానీ, దాని వెనుక చాలా శ్రమ ఉంటుంది. మౌస్ లేకుండా ట్యాబ్ మీటతో దాన్ని చేరుకోవచ్చు, చేరుకున్నప్పుడు చుట్టూ స్పష్టమైన గీత కనిపిస్తుంది, ఎంటర్ నొక్కినా స్పేస్ నొక్కినా పని చేస్తుంది, స్క్రీన్ రీడర్ దాని పేరు చెప్పి "బటన్" అని కూడా చెబుతుంది. దాన్ని ఇంకొంచెం అందంగా చేద్దామని తీసేసి, ఒక డివ్ ట్యాగ్‌కు (కోడ్‌లో ప్రత్యేక అర్థం లేని ఖాళీ పెట్టెకు) రంగు పూసి క్లిక్ జోడిస్తే, చూడటానికి అదే బటన్, వాడటానికి ఈ నాలుగింటిలో ఒక్కటీ మిగలదు. ట్యాబ్ నొక్కినప్పుడు వచ్చే గీత బాగాలేదని, పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్ షీట్‌లో ఒక్క వరుసతో దాన్ని తీసేయడం ఇంకా ఎక్కువగా జరుగుతుంది. మౌస్ పట్టలేనివారికి ఆ గీత లేకపోతే తాము పేజీలో ఎక్కడున్నారో తెలిసే మార్గం ఉండదు.

నల్లగొండలో ఈ విషయం ఇంకొంచెం దగ్గరగా తాకుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవారు తరతరాలుగా ఉన్నారు. వాళ్లలో చాలామంది పింఛను వివరాలు చూసుకునేది ఫోన్‌లోనే. ఒకదానికొకటి ఆనుకొని ఉన్న చిన్న చిన్న లింకుల్లో వేలు సరిగ్గా ఒకదాని మీదే ఆనేలా చూడటం వాళ్లకు సాధ్యం కాదు. డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలి. నేను మాత్రం 44కు తగ్గనివ్వను. సిస్టమ్ ఇచ్చిన కొలతను, మొదటి పేజీలో ఇంకో నాలుగు లింకులు పట్టించాలన్న ఆశతో కుదించవద్దు.

రంగుల విషయం క్లుప్తంగా: అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. తెల్లని నేపథ్యం మీద 767676 అనే బూడిద రంగు 4.54తో గట్టెక్కుతుంది, 999999 అనేది 2.85 మాత్రమే, కనుక పనికిరాదు. సిస్టమ్‌లోని రంగులు ఈ లెక్క చూసుకొనే పెట్టినవి. మీ శాఖ లోగో రంగును శీర్షికలకు వాడాలనుకుంటే ముందు లెక్క కట్టి చూడండి.

3. తెలుగును సరిచేయండి

ఇది ఏ ఉమ్మడి సిస్టమూ పూర్తిగా చేసిపెట్టని పని. చాలా సిస్టమ్‌లు ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారైనవి. అందుకే ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగమని కోరుతున్నాను.

మొట్టమొదట పేజీ భాషను కోడ్‌లో ప్రకటించండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ అనే గుణానికి తెలుగు కోడ్ అయిన టీఈ ఇవ్వాలి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోయి తడబడవచ్చు, లేదా ఆ భాగాన్ని మౌనంగా దాటిపోవచ్చు. తెలుగు పేజీలో ఇంగ్లిష్ పేరా వస్తే దానికి విడిగా ఇంగ్లిష్ కోడ్ ఇవ్వాలి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల్లో ఉర్దూ చదివేవారు ఎందరో ఉన్నారు. ఉర్దూ పేజీకి భాషా కోడ్‌తో పాటు కుడి నుంచి ఎడమకు రాసే దిశను కూడా ప్రకటించండి. లేకపోతే అంకెలూ విరామచిహ్నాలూ చోటు తప్పుతాయి. భాష మార్చే లింకుల్లో ఏ భాష పేరును ఆ భాషలోనే రాయాలి. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి ఇంగ్లిష్‌లో రాసిన తన భాష పేరును ఎలా గుర్తుపడతారు?

తర్వాత అక్షరాల ఎత్తు. "రాష్ట్రం" అనే మాటను సిస్టమ్‌లోని బటన్‌లో రాసి చూడండి. ష కింద ట వత్తు, దానితో పాటు ర వత్తు. బటన్‌కు ఎత్తు కచ్చితంగా ఇన్ని పిక్సెళ్లు అని బిగించి ఉంటే, ఆ వత్తులు సగంలో తెగిపోతాయి. "స్త్రీ" అన్నప్పుడు పైన గుడి దీర్ఘం, కింద వత్తులు రెండూ తెగవచ్చు. కనుక స్థిరమైన ఎత్తుకు బదులు కనీస ఎత్తు ఇవ్వండి, వరుసల మధ్య ఎడం అక్షరం కొలతకు 1.6 రెట్లకు తగ్గకుండా చూడండి, అక్షరాల మధ్య ఎడం పెంచే అమరికను సున్నా చేయండి. వాలు అక్షరాలు తెలుగు చదువుకు అలవాటు లేనివి, వాటిని వాడకండి. లింకు కింది గీత వత్తుల మీదుగా పోకుండా ఇంకొంచెం కిందికి జరపండి. ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే ప్రపంచ ప్రమాణం) ఫాంట్ పెట్టుకుంటే ఏ ఫోన్‌లోనైనా ఒకే తీరుగా కనిపిస్తుంది.

ఇక, కంటికి కనిపించని ఒక అక్షరం గురించి చెప్పాలి. "మహబూబ్‌నగర్" అని రాసినప్పుడు బ్ తర్వాత న విడిగా నిలబడాలంటే వాటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. అది లేకుండా టైపు చేస్తే "మహబూబ్నగర్" అయి, బ కింద న వత్తు చేరుతుంది. చదివే మనిషికి రెండూ ఒకే ఊరు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. వెతికే పెట్టెలో ఒక రూపం టైపు చేస్తే, రెండో రూపంలో రాసిన పేజీలు దొరకవు. కాబట్టి వెతికే ముందు ఆ గుర్తును రెండు వైపులా తొలగించి పోల్చేలా కోడ్ రాయించండి. నల్గొండ, నల్లగొండ అని రెండు విధాలుగానూ రాస్తారు. మహబూబ్‌నగర్‌ను పాలమూరు అంటారు. ఈ పేర్లన్నింటినీ పర్యాయాలుగా చేర్చండి. తప్పు టైపు చేశారని వినియోగదారుణ్ణి వెనక్కి పంపే హక్కు మనకు లేదు, ఎందుకంటే వారు టైపు చేసింది తప్పు కాదు.

4. ఫారాన్ని మనిషి చేతిలో పెట్టి చూడండి

జిల్లా అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకునే ఫారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పేరు, మొబైల్ నంబరు, మండలం, గ్రామం, సమస్య, జత చేయవలసిన కాగితాలు. ప్రతి పెట్టెకూ పైన కనిపించే లేబుల్ ఉండాలి. పెట్టె లోపల లేత రంగులో రాసిన సూచన లేబుల్ కాదు. టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది, మధ్యలో ఫోన్ మోగి తిరిగి వచ్చినవారికి అక్కడ ఏం రాయాలో గుర్తుండదు.

మండలం దగ్గర పొడవాటి జాబితా పెట్టడం మామూలు. 2016 అక్టోబరులో జిల్లాలు మళ్లీ ఏర్పడ్డాక కోదాడ సూర్యాపేట జిల్లాలోకి, భువనగిరి యాదాద్రి జిల్లాలోకి, కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లాయి. 2019లో నారాయణపేట విడిపోయినప్పుడు మక్తల్ అటు చేరింది. ఇప్పటికీ తమది నల్లగొండ జిల్లానో పాలమూరు జిల్లానో అని చెప్పే పెద్దవారు ఉన్నారు. ముందు జిల్లా ఎంచుకుంటేనే మండలాలు కనిపిస్తాయన్న ఫారంలో వాళ్లు మొదటి అడుగులోనే ఆగిపోతారు. రెండు మూడు అక్షరాలు రాయగానే సరిపోలే మండలాలను, వాటి పక్కన ప్రస్తుత జిల్లా పేరును చూపే భాగాన్ని వాడండి. అలాంటి భాగం కీబోర్డుతోనూ స్క్రీన్ రీడర్‌తోనూ పని చేసేలా స్వయంగా రాయడం కష్టం. ఇక్కడే ఉమ్మడి సిస్టమ్ విలువ తెలుస్తుంది.

పుట్టిన తేదీకి క్యాలెండర్ పెట్టవద్దు. 1952లో పుట్టినవారు నెలల వెంట వెనక్కి నొక్కుకుంటూ పోవలసి వస్తుంది. బ్రిటన్ సిస్టమ్‌లో ఉన్నట్టు రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న పెట్టెలు ఇవ్వండి. కొందరి ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది. నియమాలు ఒప్పుకునే చోట సంవత్సరంతోనే ముందుకు సాగనివ్వండి.

తప్పును తెలియజేసే వాక్యం మీద శ్రద్ధ పెట్టండి. "చెల్లని ఇన్‌పుట్" అని ఎర్ర అక్షరాల్లో రాస్తే ఎవరికీ ఏమీ బోధపడదు, ఎరుపు కనిపించనివారికి అది తప్పు అని కూడా తెలియదు. "మొబైల్ నంబరులో 10 అంకెలు ఉండాలి. మీరు 9 అంకెలు రాశారు." ఇలా రాస్తే చాలు. ఫారం పంపగానే తప్పుల పట్టిక పేజీ పైభాగంలో వచ్చి, ఫోకస్ (కీబోర్డు ప్రస్తుతం ఉన్న చోటు) దాని మీదికి వెళ్లి, అందులోని ప్రతి లింకూ సంబంధిత పెట్టె దగ్గరకు తీసుకెళ్లాలి. ఈ ఏర్పాటు మంచి సిస్టమ్‌లలో సిద్ధంగానే ఉంటుంది, మీరు రాయవలసింది తెలుగు వాక్యాలే. వాటిని కోడ్ రాసేవారికి వదలకుండా, దరఖాస్తులు రోజూ స్వీకరించే ఉద్యోగి చేత రాయించండి. జనం ఎక్కడ పొరపడతారో వారికే బాగా తెలుసు.

వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చేయమనే క్యాప్చా పెడితే చూపు లేనివారికి అక్కడితో దారి మూసుకుపోతుంది. ఓటీపీ తీసుకుంటున్నప్పుడు దానిమీద మళ్లీ క్యాప్చా ఎందుకో అడిగి తీసేయించండి. ఫారం నింపడానికి ఇచ్చిన సమయం ముగియబోతుంటే ముందే హెచ్చరించి, పొడిగించుకునే బటన్ ఇవ్వండి.

5. పట్టికలూ పీడీఎఫ్‌లూ

వానకాలంలో అందరూ చూసే సమాచారం ప్రాజెక్టుల నీటిమట్టం. వాట్సాప్‌లో వచ్చిన పట్టిక బొమ్మనే అలాగే సైట్‌లో పెట్టడం తేలిక, కానీ స్క్రీన్ రీడర్‌కు అది ఫైలు పేరు తప్ప మరేమీ కాదు. దాన్ని నిజమైన పట్టికగా తిరిగి టైపు చేయండి: మొదటి నిలువు వరుసలో ప్రాజెక్టు పేరు, తర్వాత పూర్తి మట్టం, నేటి మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో. పై వరుసనూ మొదటి నిలువు వరుసనూ శీర్షికలుగా కోడ్‌లో గుర్తించాలి. గుర్తిస్తే, గడిలోకి వెళ్లినవారికి "నాగార్జునసాగర్, పూర్తి మట్టం, 590 అడుగులు" అని వినిపిస్తుంది. గుర్తించకపోతే "590" అని మాత్రమే వినిపించి, కింది గడిలోకి వెళ్తే "1045" అంటుంది. అది జూరాల అని వినేవారు ఊహించుకోవాలి.

పీడీఎఫ్ విషయంలో నా సలహా, వీలైనంతవరకు పీడీఎఫ్ వద్దు. ప్రకటనను పేజీలోనే రాసి, సంతకం చేసిన ప్రతిని కింద జత చేయండి. పాత ఫాంట్లలో ఉన్నవాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, కానీ మార్చాక మనిషి చదివి చూడక తప్పదు, వత్తులు తారుమారవుతాయి. వేల ఫైళ్లు ఉంటే అన్నీ ఒకేసారి మార్చలేరు. పింఛన్లు, దివ్యాంగుల ధ్రువపత్రాలు, ఉద్యోగ నియామకాలు, భూమి రికార్డులు, ఈ వరుసలో మొదలుపెట్టండి. కొత్తగా వచ్చే ఫైలు మాత్రం ఈ రోజు నుంచే యూనికోడ్‌లో ఉండాలని టైపిస్టులకూ సెక్షన్లకూ లిఖితపూర్వకంగా తెలపండి.

6. పరీక్షించండి

యంత్ర పరీక్షలు లోపాల్లో కొన్నింటినే పట్టుకుంటాయి. బొమ్మకు వివరణ ఉందో లేదో అవి చెబుతాయి. ఆ వివరణ సరైనదో కాదో చెప్పలేవు.

మౌస్ తీసి పక్కన పెట్టి, ట్యాబ్ మీటతోనే దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేయండి. బ్రౌజర్‌లో 400 శాతానికి పెద్దది చేసి, పక్కకు జరపకుండా చదవగలుగుతున్నారో లేదో చూడండి. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, తెలుగు చదువుతుంది. హెచ్ మీటతో శీర్షిక నుంచి శీర్షికకు వెళ్తూ, విన్నదాన్ని బట్టి పేజీ స్వరూపం అర్థమవుతున్నదో లేదో గమనించండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేసి, తెర వైపు చూడకుండా అదే ఫారం నింపండి. అమ్రాబాద్, అచ్చంపేట వైపు తండాల్లో సిగ్నల్ సన్నగా ఉండే చోట మామూలు ఫోన్‌లో పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతున్నదో కూడా ఒకసారి చూడండి.

ఆ తర్వాత, వైకల్యం ఉన్న నలుగురైదుగురిని పిలవండి. జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయం ద్వారా అడిగితే వస్తారు. వారికి దారి ఖర్చులూ ఆ పూట కూలీ ఇవ్వండి, ఎందుకంటే వారు మీకు చేస్తున్నది నైపుణ్యంతో కూడిన పని. ఫలానా పని చేయండి అని చెప్పి మౌనంగా పక్కన కూర్చోండి. వారు తడబడినప్పుడు వెంటనే అందుకొని చూపించవద్దు. ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర ఆగారో రాసుకోండి.

7. దిద్దినదాన్ని ఉమ్మడి చోటికి పంపండి

బటన్‌లో వత్తు తెగిపోతే మీ సైట్ స్టైల్ షీట్‌లో ఒక అతుకు వేసి ఊరుకోవడం సులువు. అలా చేస్తే నల్లగొండ సైట్‌లో బాగుంటుంది, వనపర్తిలో, గద్వాలలో, సూర్యాపేటలో అదే వత్తు తెగుతూనే ఉంటుంది. లోపం కనిపించే తెరపట్టు (స్క్రీన్‌షాట్), ఏ బ్రౌజర్, ఏ ఫోన్, మీరు చేసిన సవరణ, ఈ నాలుగూ జతచేసి సిస్టమ్ నిర్వహించేవారికి పంపండి. సమాధానం ఆలస్యమైతే మళ్లీ రాయండి. పై నుంచి సవరణ వచ్చాక మీ అతుకును తీసేయడం మరవకండి. పాత అతుకు కొత్త కోడ్‌తో కొట్లాడుతుంది.

ప్రతి పేజీ అడుగున, సైట్ వాడటంలో ఇబ్బంది ఉంటే ఎవరికి చెప్పాలో హోదా, ఫోన్ నంబరు రాయండి. ఆ ఫోన్ ఎత్తే మనిషి ఒకరు నిజంగా ఉండాలి, వచ్చిన ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్తుందో వారికి తెలిసి ఉండాలి.

చివరిగా, బయటివారికి కనిపించని ఒక పరీక్ష పేజీని సైట్‌లోనే ఉంచుకోండి. సిస్టమ్‌లో మీరు వాడే ప్రతి భాగాన్నీ అందులో పెట్టి, కష్టమైన తెలుగు మాటలతో నింపండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, మహబూబ్‌నగర్, చిరునామాలాగా పొడవైన ఒక గ్రామం పేరు, ఒక ఉర్దూ వాక్యం, సాగర్ నీటిమట్టం పట్టిక. డిజైన్ సిస్టమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని అసలు సైట్‌లోకి తెచ్చేముందు ఈ పేజీని కంటితో చూసి, ట్యాబ్‌తో నడిచి, ఎన్‌వీడీఏతో విని, చూసినవారి పేరూ తేదీ రిజిస్టర్‌లో రాయించండి.